వరదొచ్చిన రోజు నేను బాగానే ఉన్నాను

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి బుడమేరు నీళ్ళు అజిత్‌సింగ్‌నగర్‌లోకి వచ్చేశాయి. మా ప్రింటింగ్ ప్రెస్సు గవర్నరుపేటలో, పేపరు గోడౌను సింగ్‌నగర్‌లో. బైండింగులో పనిచేసే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళు కూడా అటువైపే. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ. ఆరున్నరకి మొదటి ఫోనొచ్చింది. "బాబూ, మంచం మునిగింది" అంది ఆవిడ. అంతే, ఫోను కట్టయింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను పనిచేసిన తీరు తల్చుకుంటే నాకే ఆశ్చర్యం. ఎవరి ఇల్లు ఏ రోడ్డులోనో, ఎవరింట్లో లేవలేని ముసలివాళ్ళున్నారో, ఎవరికి మేడ ఉందో అంతా ఒక అట్ట మీద మార్కర్‌తో రాసేశాను. సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర నిలబడి పడవల వాళ్ళతో మాట్లాడాను. పాలు, నీళ్ళ టిన్నులు, బిస్కెట్లు, ఒకావిడకి షుగరు మాత్రలు. ఒక్క వస్తువు మర్చిపోలేదు, ఒక్కరి మీద అరవలేదు. పద్నాలుగు కుటుంబాలు బయటపడ్డాయి. "నువ్వు కలెక్టరు కావాల్సినోడివి బావా" అన్నాడు మా బావమరిది. పైకి నవ్వాను గానీ లోపల నిజమే అనుకున్నాను.

నీళ్ళు తీశాక గోడౌను తెరిచాం. డైరీల కోసం ఆగస్టులో దింపిన మ్యాప్‌లిథో పేపరు, 600 రీముల పైన, నీళ్ళు తాగి ఉబ్బి ర్యాకుల్ని విరగ్గొట్టి కింద పడి ఉంది. అట్టలు, కుట్టి సిద్ధంగా పెట్టిన గైడ్లు కలిపి లెక్కేస్తే 14 లక్షలు. "ఇన్సూరెన్సు ఉందిగా" అన్నాడు బావమరిది. ఉందనే నేనూ అనుకున్నాను. ఫైర్ పాలసీ అంటారు గానీ వరద నష్టం కూడా అందులోనే వస్తుంది. కాగితాల కోసం టేబులు సొరుగు లాగితే చెక్కు కనబడింది. ప్రీమియానికి రాసిన చెక్కు. జూలై 22 తేదీ వేసి ఉంది. కంపెనీ పేరు, అంకెలు, అక్షరాలు, నా సంతకం అన్నీ సరిగ్గా ఉన్నాయి. పాలసీ జూలై 31తో అయిపోయింది.

ఆ పద్నాలుగు కుటుంబాల లిస్టు రాసిన చెయ్యీ, ఈ చెక్కు సొరుగులో పెట్టిన చెయ్యీ ఒకటే. ఈ వ్యాసమంతా ఆ చెయ్యి గురించే, దానికి దొరికిన ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం అనే మెదడు సమస్య) అనే పేరు గురించే, ఆ తర్వాత పనులు జరిగే దారి చూపిన కోచ్ గురించే.

టెన్షన్లో పనిచేయడం ఎలాగో మా బెజవాడ వ్యాపారస్తులకి నేర్పుతామని ఏటా ఎవరో ఒకరు వస్తుంటారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో ఒక హోటల్లో ఏసీ హాలు, మెడలో బ్యాడ్జీ, మధ్యాహ్నం బఫే. 2022లో నేనూ అలాంటిదానికి ఒకటిన్నర రోజు వెళ్ళాను. పొద్దున్నే ఐదింటికి లేవమన్నారు. ముఖ్యమైనవీ అర్జెంటువీ విడదీసి నాలుగు గళ్ళు గీసుకోమన్నారు. చివర్లో అందరికీ తలో ప్లానర్ ఇచ్చారు. ఏడాదికి 40,000 డైరీలు అచ్చువేసి అమ్మేవాడికి ప్లానర్! నా జీవితంలో ఏ డైరీలోనూ జనవరి 7 దాటి రాయలేదు. ఆ ప్లానర్‌లో అయితే 4 దాకానే.

వాళ్ళు చెప్పింది తప్పని కాదు. నాకు తెలియనిది వాళ్ళేమీ చెప్పలేదు, అదీ గొడవ. పైగా టెన్షన్లో పనిచేయడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2024 ఎన్నికలప్పుడు మే 13 పోలింగుకి ముందు పది రోజులు మా మెషిన్లు ఆగింది లేదు. ఏ పార్టీ కరపత్రం ఏ రంగులో, ఏ సైజులో, ఎన్ని వేలు, ఎవరి ఆటోలో వెళ్ళాలి, అంతా నోటికి ఉండేది. అదే ఎన్నికల్లో ప్రతి కరపత్రం మీదా ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు ఉండాలి, ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ తీసుకుని అధికారులకి పంపాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్. తప్పితే ఆరు నెలల జైలు దాకా ఉంది. ఆ డిక్లరేషన్ల కట్ట నా స్కూటరు డిక్కీలో నాలుగు రోజులు తిరిగింది. మా ఫోర్‌మన్ బాబాయ్ డిక్కీ తెరిచి చూసి తలపట్టుకున్నాడు.

మంట కనబడితే నేను ఆర్పగలను. మంట లేని రోజున అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో చూసుకోలేను. చాలామంది దీన్ని బద్ధకం అన్నారు. మా నాన్న "నిర్లక్ష్యం" అనేవాడు. నేను కూడా 45 ఏళ్ళు ఆ మాటే నమ్మాను.

అసలు పేరు తెలిసింది మా అమ్మాయి వల్ల. 2024 నవంబరులో స్కూలు వాళ్ళు పిలిచి, క్లాసులో పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, ఒకసారి డాక్టరుకి చూపించమన్నారు. అల్లరి చేసే మగపిల్లల్ని తొందరగా పట్టుకుంటారట, ఇలా నిశ్శబ్దంగా ఎటో వెళ్ళిపోయే ఆడపిల్లలు ఎవరి కంటా పడరట. సైకియాట్రిస్టు మాకొక ఫారం ఇచ్చారు, పిల్ల గురించి నింపి తెమ్మని. నేను దాన్ని పోగొట్టాను. ఇంకోటి ఇచ్చారు. అది కారులో ఉందనుకుని వెళ్ళాం, లేదు. మూడోది మా ఆవిడ చేతికి ఇస్తూ ఆయన నా వైపు చూసి, "మీరు కూడా ఒకసారి రండి సార్, పాప లేకుండా" అన్నారు. ఏడీహెచ్‌డీ ఎక్కువగా వంశంలో వచ్చేదని ఆయన అప్పుడే చెప్పారు.

పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ అని రాయాలంటే ఊరికే రాయరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ 2013 మాన్యువల్ ప్రకారం మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం లాంటి తొమ్మిది లక్షణాల్లోనో, కుదురులేనితనం, తొందరపాటు తాలూకు తొమ్మిదింట్లోనో కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్నయినా పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. ఒక్క ఆఫీసులోనే కాదు, ఇల్లు, స్నేహితులు, ఇలా కనీసం రెండు చోట్ల కనబడాలి. బతుక్కి అడ్డం పడుతూ ఉండాలి. చిన్నప్పటి సంగతులకి మా అమ్మే సాక్షి. "కిరసనాయిలు తెమ్మని డబ్బా ఇచ్చి పంపితే గాలిపటంతో వచ్చాడండీ" అంది డాక్టరుతో. "డబ్బా ఏదిరా అంటే ఏ డబ్బా అన్నాడు." డాక్టరు రాసుకున్నారు. నాకు ఏడేళ్ళప్పటి మాట అది.

ఇక్కడ "అది అందరికీ ఉండేదేగా" అనే మాట వస్తుంది. మా బావమరిది అన్నాడు, ఆడిటరు అన్నాడు, వాకింగ్ ఫ్రెండ్సు అన్నారు. అందరూ తాళాలు మర్చిపోతారు, నిజమే. ఒంటికి వేడి చేయడం అందరికీ ఉంటుంది, 104 జ్వరం అందరికీ ఉండదు. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్ళలో రెండున్నర శాతం మందికి ఉంటుందని పరిశోధకుల అంచనా. నలభై మందిలో ఒకరు. ఇన్‌స్టాలో రీల్ చూసి "నాకూ అదే" అనుకునేవాళ్ళు మాత్రం నలభైలో ముప్ఫైమంది. రోజుకి ఆరుగంటలు ఫోను చూస్తే ఎవరి ధ్యాసయినా చెడుతుంది. థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్ కూడా అచ్చం ఇలాగే కనబడతాయి. అందుకే ముందు డాక్టరు, కోచ్ సంగతి తర్వాత. ఈ వరస తిరగేసిన వాళ్ళని ఇద్దరిని చూశాను. డబ్బూ పోయింది, జబ్బూ ఉంది.

ఒత్తిడి సంగతికొస్తాను. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. ఎలుక రెండు పెట్టెల్లో సరైనదాన్ని ఎంచుకోవాలి, తప్పుదాంట్లోకి వెళ్తే కరెంటు షాక్. పెట్టెల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉన్నప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుక త్వరగా నేర్చుకుంది. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం షాక్ ఓ మోస్తరుగా ఉంటేనే నేర్చుకుంది. మరీ పెంచితే గందరగోళపడింది. ఇది చదివినప్పుడు నాకు నా మెషినే గుర్తొచ్చింది. వరదలో మనుషుల్ని బయటికి తేవడం తేడా స్పష్టంగా కనబడే పెట్టె. నీళ్ళు ఎటున్నాయో, మనిషి ఎటున్నాడో తెలుస్తూనే ఉంటుంది. మెషిన్ కొనడం అలా కాదు, తేడా కనిపెట్టడం కష్టమైన పెట్టె అది. నేను 2021 డిసెంబరులో, డైరీల రష్‌లో, ఒక చేత్తో ప్రూఫు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనులో సెకండ్‌హ్యాండు ఫోర్‌కలర్ మెషిన్ బేరం చేసి కొనేశాను. పది నిమిషాల్లో. మెషిను లారీలో వచ్చాక తెలిసింది, మా సందులోకి పట్టదని. గోడ పగలగొట్టి దింపాం. ఆ గోడకి ఇప్పటికీ సున్నం లేదు, ఇటుకలు కనబడుతూనే ఉంటాయి. నేను కావాలనే వేయించలేదు. సరే, వేయించడం మర్చిపోయాను, తర్వాత కావాలనే వదిలేశాను.

ఏడీహెచ్‌డీ ఉన్న మెదడులో డోపమిన్ అనే రసాయనం వ్యవహారం కొంచెం తేడాగా నడుస్తుందంటారు. మామూలు పని ముందు కూర్చుంటే ఇంజను స్టార్టవదు. గడువు నెత్తిమీదికొచ్చి గుండె దడదడలాడితే అప్పుడు స్టార్టవుతుంది. అందుకే మాలాంటివాళ్ళం తెలిసో తెలియకో ప్రతి పనినీ చివరి నిమిషం దాకా లాగుతాం. ఆ దడే మా పెట్రోలు. కానీ నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే ముందువెనకలు ఆలోచించి నిర్ణయాలు తీసుకునే భాగం, ఒత్తిడి హద్దు దాటగానే చేతులెత్తేస్తుంది. యేల్ యూనివర్సిటీలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే మెదడు శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించింది ఇదే. అందరిలోనూ అంతే. మాలో అది మొదట్నుంచీ కాస్త బలహీనం. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టు, ఒత్తిడితో పని జరుగుతుంది, వడ్డీ తర్వాత పడుతుంది.

ఆ వడ్డీ కట్టేది నేనొక్కణ్ణే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు.

2024 డిసెంబరు. అప్పటికింకా నేను నా కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఒక సంస్థ వాళ్ళు నవంబరు 25న వాట్సాప్‌లో 3,000 డైరీలు అడిగారు, డిసెంబరు 20కల్లా కావాలని. "అలాగే సార్" అని బొటనవేలు బొమ్మ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాననుకున్నాను. డిసెంబరు 11న వాళ్ళు ప్రూఫు ఎప్పుడిస్తారని ఫోను చేస్తే గుండె ఆగిపోయింది. ఆ తర్వాత మామూలే, నా హీరోయిజం మొదలైంది. ప్లేట్లు రాత్రికి రాత్రి, పేపరు ఏలూరు నుంచి, టీలు, టిఫిన్లు, ఉరుకులు. పదిహేనో తారీకు రాత్రి పదకొండున్నరకి బైండింగు గదిలోకి వెళ్ళాను. ఆడవాళ్ళు ఆరుగురు కింద చాప మీద కూర్చుని ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, మడుస్తున్నారు. ఎముక బద్దతో మడత నొక్కుతుంటే వచ్చే చప్పుడు తప్ప గదిలో మాటల్లేవు. వాళ్ళలో ఒకావిడ, వరదలో మొదటి ఫోను చేసినావిడే, మడత మీంచి తలెత్తకుండా అంది. "అప్పుడు బుడమేరు ముంచితే పడవేసుకొచ్చావు బాబూ. ఇప్పుడు నువ్వే ముంచావు గదయ్యా."

అందరూ నవ్వారు. కోపంగా అనలేదు ఆవిడ. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఏడీహెచ్‌డీ ఉన్న యజమాని కింద పనిచేసేవాళ్ళకి జరిగేది ఇదే. ఆయనకి ఒత్తిడి కావాలి, అది ఇరవై మంది నిద్రలోంచి వస్తుంది. కాబట్టి "లీడర్లు ఒత్తిడిలో ఇంకా బాగా పనిచేయడానికి కోచింగ్" అని ఎవరైనా అంటే నాకు అనుమానం వస్తుంది. నాకు కావలసింది ఒత్తిడిలో బాగా పనిచేయడం కాదు. ఒత్తిడి లేని మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఒక కవరు మీద అడ్రసు రాయగలగడం. అది జరిగితే సగం ఒత్తిడి అసలు పుట్టదు, మిగిలిన సగానికి బుర్రలో చోటుంటుంది.

కవరు అని ఎందుకన్నానో చెప్తాను. 2025 మార్చిలో ఒక కోచ్ దగ్గర చేరాను. హైదరాబాదులో ఉంటారు, వారానికి ఒకసారి వీడియో కాల్. డాక్టరు నిర్ధారణ ఉందా, మందులు వాడుతున్నారా అని ముందే అడిగారు. రెండో వారం నేను చెక్కు కథ చెప్పి, "నేనింతే మేడమ్, ఎందుకు చేయలేదో నాకే తెలీదు" అన్నాను.

"ఎందుకు అని నేను అడగలేదు సార్. ఎక్కడ ఆగింది?"

అర్థం కాలేదు. ఆవిడ వదల్లేదు. చెక్కుబుక్కు తీశారు, తర్వాత? రాశాను. తర్వాత? సంతకం పెట్టాను. తర్వాత? కవరు తీశాను. కవరు మీద? అడ్రసు రాయాలి. అడ్రసు ఎక్కడుంది? పాత పాలసీ కాగితం మీద. ఆ కాగితం? బీరువాలో. బీరువా తాళం? మా ఆవిడ దగ్గర. అప్పుడు ఎవరో ప్రూఫు తెచ్చారు... "ఇప్పుడే వస్తా" అని చెక్కు సొరుగులో పెట్టాను.

"అయితే బద్ధకం కాదు సార్, బీరువా తాళం" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. 22 మందికి జీతాలిచ్చేవాణ్ణి, 14 లక్షలు ఒక తాళం దగ్గర పోగొట్టుకున్నాను. కానీ 45 ఏళ్ళలో మొదటిసారి నా తప్పుకి ఒక అడ్రసు దొరికింది. నిర్లక్ష్యానికి మందు లేదు. బీరువా తాళానికి ఉంది. ఇప్పుడు రెన్యువళ్ళన్నీ మా అకౌంటెంటు ఫోనులో తీసి నా ఎదురుగా కూర్చుంటాడు. నేను కట్టి లేచేదాకా లేవడు.

మామూలు కోచ్‌కీ, ఏడీహెచ్‌డీ తెలిసిన కోచ్‌కీ తేడా నాకు ఇక్కడే కనబడింది. మామూలు కోచ్ లెక్క ఏంటంటే, లక్ష్యం స్పష్టంగా ఉండి, కోరిక బలంగా ఉంటే మనిషి చేసేస్తాడు. చేయలేదంటే కోరిక చాల్లేదు, ఇంకా ఊదాలి. రసెల్ బార్క్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు ఎన్నో ఏళ్ళుగా చెప్పేదేమిటంటే, ఏడీహెచ్‌డీలో లోపం తెలియడంలో లేదు, తెలిసినదాన్ని చేయడంలో ఉంది. కాబట్టి సాయం కూడా పని జరిగే చోటే, జరిగే వేళకే ఉండాలి. సెమినార్ హాల్లో ఇచ్చిన జ్ఞానం సెమినార్ హాల్లోనే ఉండిపోతుంది.

మా పని జరిగే చోటు మెషిను దగ్గర. అక్కడ ఒక దండెం కట్టాం. బట్టలారేసే దండెమే, నైలాన్ తాడు. వచ్చిన ప్రతి ఆర్డరూ ఒక జాబు కార్డు, బట్టల క్లిప్పుతో తగిలించాలి. పచ్చ క్లిప్పు టైముంది, పసుపు ఈ వారం, ఎరుపు రేపు. దండెం మీద లేని పని మా ప్రెస్సులో లేనట్టే. దీనికి ముందు ఒక యాప్ పెట్టించారు కోచ్, అది ఆరు రోజులు బతికింది. దండెం కట్టినప్పుడే ఆవిడ ఒక మాట చెప్పారు. "నెలన్నరకి ఇది మీ కంటికి ఆనదు సార్. అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చోటు మార్చండి." సరిగ్గా ఏడో వారంలో నేను దండెం కింద నుంచి నడుస్తూ ఒక ఎర్ర క్లిప్పు చూడలేదు. తాడు తీసి టీ టేబులు పైకి మార్చాం. ఇప్పటికి నాలుగుసార్లు మారింది.

ఇంకోటి, "అర్జెంట్" అనే మాట. కస్టమరు ఆ మాట అంటే నా నోరు నా కన్నా ముందు "అలాగే" అంటుంది. దానికి ఒక తాళం వేశాం. ఎవరైనా "అర్జెంట్" అంటే, "బాబాయ్‌ని అడిగి పది నిమిషాల్లో చెప్తాను" అనాలి, ఇంకేమీ అనకూడదు. గొల్విట్జర్ అనే సైకాలజిస్టు 1990ల్లో ఈ "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" పద్ధతి మీద చాలా పనిచేశాడు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీద కూడా పరీక్షించి చూశారు, వాళ్ళకి కాస్త పట్టు దొరికింది. నాకు మొదటి నెలలో పదిసార్లకి మూడుసార్లే వచ్చింది ఆ మాట. ఇప్పుడు ఏడెనిమిది. మిగతా రెండు మూడింటికి బాబాయ్ తిడతాడు.

జీఎస్టీ సంగతి క్లుప్తంగా. నెలనెలా 11న ఒక రిటర్ను, 20న ఇంకోటి. ఆలస్యమైతే రోజు లెక్కన ఫీజు, పన్ను మీద 18 శాతం వడ్డీ. 9న ఆడిటరు దగ్గర కుర్రాడు వచ్చి నా పక్కన ఊరికే కూర్చుంటాడు. ఏమీ చేయడు, తన ఫోను చూసుకుంటాడు. పక్కన మనిషుంటే నేను లేవను. అంతే. ఎందుకు పనిచేస్తుందో అడక్కండి.

మా ఫోర్‌మన్ బాబాయ్‌కి 67 ఏళ్ళు. నాన్న హయాంలో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేరాడు. కోచ్ విషయం చెప్తే మొదటి ప్రశ్న ఫీజు. చెప్పాను. "పాతికేళ్ళుగా ఇదే చెప్తున్నాను బాబూ, ఊరికే. ఆవిడ చెప్తే వింటున్నావు" అన్నాడు. నిజానికి ఆయన చెప్పిందీ ఈవిడ చెప్పిందీ ఒకటి కాదు. ఆయన "గుర్తుపెట్టుకో బాబూ" అనేవాడు. ఈవిడ గుర్తుపెట్టుకోవద్దంది.

కానీ బాబాయ్ మాటలో ఇంకో నిజం ఉంది. మా నాన్న కూడా నాలాంటివాడేనని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. మూడు పనులు మొదలుపెట్టి నాలుగోదానికి వెళ్ళేవాడు, గొప్పగా మాట్లాడేవాడు, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని వెతికేవాడు. అయినా ప్రెస్సు నడిచింది. ఎందుకంటే మాకొక గుమాస్తా ఉండేవాడు. చిట్టా, ఆవర్జా, అంటే లెక్కల పుస్తకాలు, ఆయన చేతిలో. పొద్దున నాన్న రాగానే ఎదురు నిలబడి "అయ్యా, ఇవ్వాళ మూడు" అని మూడే చెప్పేవాడు. సంతకం పెట్టాల్సిన కాగితం మీద వేలు పెట్టి, పెట్టేదాకా తీసేవాడు కాదు. పాత వ్యాపారాలన్నిటిలోనూ ఇలాంటి మనిషి ఒకడుండేవాడు. తర్వాత కంప్యూటరొచ్చింది, ట్యాలీ వచ్చింది, గుమాస్తా ఖర్చు దండగన్నారు. ఆయన చేసే పని మాత్రం పోలేదు. వచ్చి యజమాని ఫోన్లో పడింది, ఆ ఫోన్లోనే క్రికెట్టు స్కోరూ, వాట్సాప్ గ్రూపులూ ఉన్నాయి. నాలాంటివాడికి గుమాస్తాని తీసేసి యాప్ ఇవ్వడమంటే కుంటివాడి కర్ర లాక్కుని పరుగుపందెం వీడియో చూపించడమే. కోచ్ నాకు చేసిందల్లా ఆ గుమాస్తాని ముక్కలు ముక్కలుగా తిరిగి కట్టడం. కొంత దండెం, కొంత అకౌంటెంటు, కొంత బాబాయ్.

ఇంత చెప్పాక అటువైపు కూడా చెప్పాలి. వ్యాపార నాయకుల మీద ఏడీహెచ్‌డీ కోచింగ్ ఇంత పనిచేసిందని చెప్పే గట్టి ఆధారం పెద్దగా లేదు. ఉన్న అధ్యయనాల్లో ఎక్కువ కాలేజీ విద్యార్థుల మీదే. దీనికి దగ్గరి చుట్టం లాంటి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్స) మెరుగైన రుజువుంది. 2010లో సాఫ్రెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం, మందులు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మంది పెద్దవాళ్ళ మీద చేసి, పనిచేస్తుందని చూపించింది. మందులకి ఉన్న రుజువు వీటన్నిటికన్నా బలమైనది. నేనూ వాడుతున్నాను. కఠినమైన నియంత్రణ ఉన్న మందు, డాక్టరు చీటీ లేనిదే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మందు వేసుకుంటే కుర్చీలో కూర్చోగలుగుతాను. ఏ సొరుగు తెరవాలో అది చెప్పదు.

ఇంకో ఇబ్బంది, మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. రేపు నేనైనా పెట్టుకోవచ్చు, కార్డులు కూడా నాకు ఊరికే వస్తాయి. మందులు మానేయమన్న కోచ్ దగ్గర్నుంచి ఆ నిమిషమే లేచి రావాలి. ఏడీహెచ్‌డీ సూపర్ పవర్ అన్నవాళ్ళ దగ్గర్నుంచి కూడా. జెట్‌బ్లూ అనే అమెరికన్ విమానాల కంపెనీ పెట్టిన డేవిడ్ నీల్‌మన్ తనకు ఏడీహెచ్‌డీ ఉందని బాహాటంగా చెప్పుకున్నాడు, నిజమే. ప్రతి సెమినార్‌లో ఆయన ఫొటో వేస్తారు. షట్టరు దించేసిన షాపుల యజమానుల ఫొటో ఎవరూ వేయరు. వన్‌టౌన్‌లో నాకు తెలిసిన ఒకాయన, బేరం మాట్లాడితే ఎదుటివాడు పడిపోవాల్సిందే, మూడు వ్యాపారాలు మొదలుపెట్టి మూడూ లెక్కలు చూసుకోక ముంచాడు. ఆయనకి ఏముందో నాకు తెలీదు, నేను డాక్టర్ని కాదు. కానీ ఆయన్ని "నిర్లక్ష్యం" అని తిట్టేవాళ్ళలో ఇప్పుడు నేను లేను.

ఇదంతా సాకు కాదా అని అడుగుతారు. మా ఆవిడే అడిగింది. బైండింగు ఆవిడ రాత్రి పదకొండున్నరకి ఫారాలు మడవడానికి కారణం నా మెదడే కావొచ్చు, బాధ్యత మాత్రం నాదే. 2025 దసరాకి మెషిన్లకి పూజయ్యాక, ఆ డిసెంబరు రాత్రులు పనిచేసిన అందరికీ రావలసిన ఓవర్‌టైములో ఆగిన ముక్క లెక్కతేల్చి ఇచ్చాను. పేరు తెలిసినంత మాత్రాన వాళ్ళ నిద్ర తిరిగి రాదు కదా.

మొన్న 2025 డిసెంబరు ఎలా గడిచిందంటే... బోరుగా గడిచింది. నైట్ షిఫ్టు అంతకుముందు ఏడాది పదకొండు రాత్రులు, ఈసారి మూడు. రెండు ఆర్డర్లు ఆలస్యమయ్యాయి, ఒకటి పూర్తిగా నా వల్లే. పదో తారీకున మధ్యాహ్నం మెషిన్లు మామూలుగా తిరుగుతుంటే, ఎవరూ ఉరకడం లేదు, ఎవరూ ఫోన్లో అరవడం లేదు, నాకు చేతులు పీకడం మొదలైంది. ఏం చేశానో తెలుసా? డిజిటల్ ప్రింటింగ్ మెషిన్ కొటేషన్ కోసం ఫోను చేశాను. అవతలివాడు "సార్, ఇయర్ ఎండ్ ఆఫర్, అర్జెంట్" అన్నాడు. ఎదురుగా సున్నం లేని గోడ కనబడుతోంది. బాబాయ్‌ని అడిగి చెప్తానన్నాను.

బాబాయ్ దగ్గరికి వెళ్తే ఆయన మెషిను గురించి ఏమీ అనలేదు. "బాబూ, నాకు మోకాళ్ళు సహకరించట్లేదు. ఉగాది దాకా వస్తాను" అన్నాడు. ఏమనాలో తోచలేదు, తలూపి వచ్చేశాను. మర్నాడు పొద్దున దండెం మీద కొత్త కార్డు ఉంది, ఆయన గుండ్రటి చేతిరాతలో. "నా బదులు మనిషి. ఉగాది లోపు." దానికి పసుపు క్లిప్పు పెట్టాడు. నిన్న చూస్తే ఎవరో ఎరుపుకి మార్చారు.